బంజీ ఎవరిది? ఒక గేమ్ స్టూడియో చేతులు మారిన తీరు

అందరికీ నమస్కారం.

ఈ పూట ఒకే ఒక్క స్టూడియోను పట్టుకుని మాట్లాడతాను. దాని పేరు బంజీ. హేలో, డెస్టినీ ఆడినవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. దాన్నే ఎందుకు తీసుకున్నానంటే, యాజమాన్యం విషయంలో ఒక గేమ్ స్టూడియోకు ఎదురయ్యే దశలు దాదాపు అన్నీ బంజీ చూసింది. ఇద్దరు కుర్రాళ్ళ సొంత కంపెనీగా మొదలైంది. కొంత వాటా అమ్ముకుంది. తర్వాత మొత్తంగా అమ్ముడైంది. మళ్ళీ బయటపడింది. పదేళ్ళ పబ్లిషింగ్ ఒప్పందం (గేమ్‌కు డబ్బు పెట్టి, ప్రచారం చేసి, అమ్మిపెట్టే కంపెనీతో ఒప్పందం) రాసుకుని, గడువుకు ముందే తెంచుకుంది. చివరికి ఇంకోసారి అమ్ముడైంది.

"ఫలానా స్టూడియోను ఫలానా కంపెనీ కొనేసింది" అని వార్త వస్తుంది. ఆ ఒక్క వాక్యంలో నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. గేమ్ పేరు, పాత్రలు, కథా ప్రపంచం మీద హక్కు ఎవరిది? కోడ్, ఇంజిన్ (గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్), పనిముట్లు ఎవరివి? ఆటగాళ్ళ అకౌంట్లు, సర్వర్లు, అమ్మకాల పేజీ ఎవరి చేతిలో ఉన్నాయి? నెలనెలా జీతాల డబ్బు ఎవరిస్తున్నారు, ఆపాలనుకుంటే ఎవరు ఆపగలరు? ఈ నాలుగూ ఒకేసారి ఒకే చేతికి వెళ్ళాలని ఎక్కడా లేదు. బంజీ కథలో ఇవి చాలాసార్లు విడివిడిగానే కదిలాయి. నేను గమనించింది ఏమిటంటే, హక్కు చేతిలో ఉంటే స్టూడియో బయటికి రాగలదు, కానీ బయట ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చేది డబ్బు. మిగతా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మొదటినుంచి వద్దాం. 1991లో షికాగోలో అలెక్స్ సెరోపియన్ బంజీని పెట్టారు. త్వరలోనే జేసన్ జోన్స్ కలిశారు. అప్పట్లో వాళ్ళ బలం ఆపిల్ మ్యాకింటాష్ కంప్యూటర్ల గేమ్‌లు. 1994లో మారథాన్, 1997లో మిత్. గేమ్‌లు వాళ్ళవే, పబ్లిషింగ్ వాళ్ళదే, హక్కులూ వాళ్ళవే. దీన్ని మించిన స్వేచ్ఛ ఉండదు. అయితే ఒక్క దెబ్బ తగిలితే కాచుకునే దన్ను కూడా ఉండదు. ఆ దెబ్బ 1998 చివర్లో మిత్ 2 రూపంలో వచ్చింది.

ఆ గేమ్ అన్‌ఇన్‌స్టాలర్‌లో, అంటే గేమ్‌ను కంప్యూటర్ నుంచి తీసేసే ప్రోగ్రామ్‌లో, ఒక లోపం ఉంది. గేమ్ ఏ ఫోల్డర్‌లో పడిందో ఆ ఫోల్డర్ మొత్తాన్ని అది చెరిపేస్తుంది. మామూలుగా గేమ్‌కు సొంత ఫోల్డర్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది కనిపించదు. ఎవరైనా నేరుగా డ్రైవ్ మొదటి స్థాయిలోనే ఇన్‌స్టాల్ చేసుకున్నారనుకోండి, గేమ్ తీసేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఈ లోపం తెలిసేసరికి డిస్కులు అచ్చయి పెట్టెల్లోకి ఎక్కేశాయి. బంజీ వాటన్నిటినీ వెనక్కి తెప్పించింది. అది సరైన పనే, నాకు దానిమీద ఎంతో గౌరవం. దానికి దాదాపు 10 లక్షల డాలర్ల ఖర్చయింది. అంత చిన్న కంపెనీకి అది మామూలు మొత్తం కాదు. 1999లో టేక్-టూ అనే గేమ్‌ల కంపెనీకి 19.9 శాతం వాటా అమ్మారు.

ఆ 19.9 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అమెరికా అకౌంటింగ్ నియమాల ప్రకారం వాటా 20 శాతానికి చేరితే, పెట్టుబడి పెట్టినవాళ్ళకు ఆ కంపెనీ మీద గట్టి ప్రభావం ఉన్నట్టు లెక్క. అప్పుడు ఆ కంపెనీ లాభనష్టాల్లో తమ వంతును సొంత ఖాతాల్లో చూపించాలి. 19.9 దగ్గర ఆగితే ఆ బెడద లేదు. అందుకే వాటా ఒప్పందాల్లో ఈ అంకె తరచూ తగులుతుంది. ఎక్కడైనా కనిపిస్తే, కొన్నవాళ్ళకు అప్పటికి కావలసింది కాలు పెట్టడానికి చోటు మాత్రమేనని అనుకోవచ్చు.

1999 జులై 21న న్యూయార్క్‌లో మ్యాక్ కంప్యూటర్ల ప్రదర్శన మ్యాక్‌వరల్డ్ వేదిక మీద ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ హేలోను లోకానికి చూపించారు. ఏడాది తిరగకముందే, 2000 జూన్‌లో, మైక్రోసాఫ్ట్ బంజీని కొంటున్నట్టు ప్రకటించింది. ఎక్స్‌బాక్స్ అనే కొత్త కన్సోల్‌కు మొదటిరోజే ఒక గొప్ప గేమ్ కావాలి, అదీ అవసరం. ఇక్కడ హక్కులు ఎలా చీలాయో చూడండి. మిత్, ఓనీ హక్కులు టేక్-టూకు పోయాయి. హేలో మైక్రోసాఫ్ట్‌కు వచ్చింది. మారథాన్ బంజీతోనే ప్రయాణించింది. అంటే ఒక స్టూడియో అమ్మకంలో దాని పాత గేమ్‌లు రెండు ఇళ్ళకు పంచిపెట్టినట్టయింది. జట్టు షికాగో వదిలి వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌కు మారింది. 2001 నవంబర్ 15న ఎక్స్‌బాక్స్‌తో పాటే హేలో విడుదలైంది. మొదట మ్యాక్ వేదిక మీద చూపించిన గేమ్ మ్యాక్‌కు చేరడానికి 2003 దాకా పట్టింది. యజమాని ఎవరైతే, వేదిక ఎంపిక వాళ్ళది. స్థాపించిన సెరోపియన్ 2002లో వెళ్ళిపోయారు, జోన్స్ ఉండిపోయారు.

2007 దాకా మైక్రోసాఫ్ట్ నీడ. ఆ ఏడాది సెప్టెంబర్ 25న హేలో 3 వచ్చింది. మొదటి రోజే అమెరికాలో 17 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సరిగ్గా పది రోజులకు, అక్టోబర్ 5న, బంజీ విడిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. ఇంత విజయం తర్వాత విడిపోవడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి బేరం ఆడటానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఆ స్టూడియో విలువ ఆఫీసులో లేదు, మనుషుల్లో ఉంది. వాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతే మైక్రోసాఫ్ట్‌కు మిగిలేది బోర్డు మీద పేరు మాత్రమే. అందుకని కుదిరిన రాజీ ఇది. బంజీ పేరు, జట్టు బయటికి. హేలో హక్కు మొత్తం మైక్రోసాఫ్ట్‌కే. కొత్త కంపెనీలో మైక్రోసాఫ్ట్‌కు చిన్న వాటా. హేలో పని మరికొంత కాలం బంజీ చేస్తుంది. అలా 2009లో హేలో 3 ఓడీఎస్‌టీ, 2010లో హేలో రీచ్ వచ్చాయి. ఈలోగా మైక్రోసాఫ్ట్ 343 ఇండస్ట్రీస్ అనే స్టూడియోను కట్టి హేలోను దానికి అప్పగించింది.

విడాకుల్లో అందరూ పేరు గురించే మాట్లాడతారు, కోడ్ గురించి మాట్లాడరు. అది పొరపాటు. ఒక ఇంజిన్ ఇద్దరికీ కావలసి వస్తే ఒప్పందంలో తేదీ రాయాలి: ఫలానా రోజు, ఫలానా వెర్షన్ వరకు ఇద్దరికీ నకలు, ఆ తర్వాత మార్పులు ఎవరివి వాళ్ళవి. బయటివాళ్ళ లైబ్రరీలు, అంటే భౌతికశాస్త్ర లెక్కలు చూసే మాడ్యూలో, వీడియో ప్లేయరో, ఆ నకలులో కలవవు. వాటి లైసెన్స్ ఒక కంపెనీ పేరు మీద ఉంటుంది, రెండో కంపెనీ మళ్ళీ కొనుక్కోవాలి. అది మరిచిపోతే నకలు చేతికొచ్చినా బిల్డ్, అంటే కోడ్ నుంచి తయారై నడిచే గేమ్, నిలబడదు. ఇంకో చిక్కు, లెవెల్ ఎడిటర్ వంటి ఇంటి పనిముట్లకు చాలాచోట్ల రాతపూర్వక వివరణ ఉండదు, అది నలుగురి తలల్లో ఉంటుంది. ఆ నలుగురూ ఏ వైపు వెళ్తారన్నది కోడ్ ఎవరికి వచ్చిందన్నంత ముఖ్యం.

బయటికి వచ్చాక డబ్బు? ఒక చిన్న లెక్క వేద్దాం. స్టూడియోలో 100 మంది, ఒక్కొక్కరికి జీతం, అద్దె, పరికరాలు అన్నీ కలిపి నెలకు 10,000 డాలర్లు అనుకుందాం. నెలకు 10 లక్షలు. మూడేళ్ళ గేమ్‌కు 3 కోట్ల 60 లక్షల డాలర్లు. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఇంకో కోటీ 20 లక్షలు. ప్రచారం ఇందులో లేదు. బంజీ పరిమాణంలో ఉన్న స్టూడియోకు దీన్ని చాలా రెట్లు హెచ్చించాలి. అందుకే 2010 ఏప్రిల్‌లో యాక్టివిజన్ అనే పెద్ద పబ్లిషర్‌తో పదేళ్ళ ఒప్పందం. ఈసారి బంజీ పాత పాఠం మరవలేదు. కొత్త గేమ్ డెస్టినీ హక్కు తన దగ్గరే ఉంచుకుంది, యాక్టివిజన్‌కు ఇచ్చింది పబ్లిషింగ్ హక్కు మాత్రమే.

ఇలాంటి ఒప్పందాలు మామూలుగా బయటపడవు. ఇది బయటపడింది. 2012లో యాక్టివిజన్‌కు, కాల్ ఆఫ్ డ్యూటీ సృష్టికర్తల్లో ఇద్దరికి నడుస్తున్న కోర్టు వ్యాజ్యంలో ఈ పత్రం జనం కంటపడింది. గేమ్‌ల వ్యాపారం చదివేవాళ్ళకు అదొక పాఠ్యపుస్తకం. నాలుగు పెద్ద గేమ్‌లు, రెండేళ్ళకొకటి, మొదటిది 2013 చివర్లో. వాటి మధ్య ఎక్స్‌పాన్షన్‌లు, అంటే ఉన్న గేమ్‌కే కలిపే కొత్త భాగాలు. మొదటి గేమ్‌కు, సమీక్షల మార్కులు కలిపి చూపే గేమ్‌ర్యాంకింగ్స్ సైట్‌లో సగటు 90 వస్తే 25 లక్షల డాలర్ల బోనస్. మొదటి ఆరు నెలల్లో 50 లక్షల కాపీలు అమ్ముడుపోకపోతే యాక్టివిజన్ ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. ఇంకో చిన్న పంక్తి ఉంది, నాకు చాలా ఇష్టమైనది: సిబ్బందిలో 5 శాతానికి మించకుండా మారథాన్ అనే పేరుతో ఒక నమూనా మీద పని చేసుకోవచ్చు. 1994 నాటి పేరు. హక్కు దగ్గరుంచుకోవడమంటే ఇదే. పదేళ్ళు బీరువాలో ఉన్నా అది మన బీరువా.

జరిగిందేమిటి? డెస్టినీ 2013లో కాదు, 2014 సెప్టెంబర్ 9న వచ్చింది. మొదటి రోజే దుకాణాలకు, కన్సోల్ సంస్థలకు కలిపి 50 కోట్ల డాలర్ల సరుకు అమ్మినట్టు యాక్టివిజన్ చెప్పింది. సమీక్షల సగటు మాత్రం 90కి దూరంగా ఆగిపోయింది. రెండేళ్ళకొక గేమ్ అన్న లెక్క మొదటి మెట్టులోనే తప్పింది. డెస్టినీ 2 వచ్చేసరికి 2017 సెప్టెంబర్ అయింది. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో బతికే గేమ్‌ను పెట్టెలో అమ్మే గేమ్ క్యాలెండర్‌తో ముడిపెట్టడమే ఇక్కడ అసలు తప్పని నా అభిప్రాయం. పాత గేమ్‌ను నడపడానికే సగం జట్టు కావాలి, కొత్తదానికి మిగిలేది సగమే.

రాయల్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టూడియోలు మునిగేది ఎక్కువగా ఇక్కడే. ఇది బంజీ లెక్క కాదు, కేవలం ఉదాహరణ. పబ్లిషర్ 2 కోట్ల డాలర్లు అడ్వాన్స్ ఇచ్చాడు, స్టూడియోకు రాయల్టీ 20 శాతం. అడ్వాన్స్ తీరాకే రాయల్టీ మొదలు. ఎలా తీరాలి? "మొత్తం నికర రాబడి నుంచి" అని రాసి ఉంటే, 2 కోట్లు రాగానే అడ్వాన్స్ తీరినట్టే. "స్టూడియో వంతు నుంచి" అని రాసి ఉంటే, ఆ 20 శాతమే పోగై 2 కోట్లు కావాలి, అంటే నికర రాబడి 10 కోట్లు దాటాలి. అప్పటిదాకా స్టూడియోకు పైసా రాదు. గేమ్ విజయవంతమైనా స్టూడియో దివాలా తీసిన సందర్భాల వెనక ఇలాంటి పదాలే ఉంటాయి. ఇక "నికర" అన్న మాటలో ఏమేం తీసేస్తారో కూడా చూడాలి. దుకాణం కమిషన్, వాపసులు, పన్నులు తీయడం న్యాయం. ప్రచార ఖర్చు తీస్తామంటే దానికో పరిమితి రాయించుకోవాలి.

ప్రచారం ఎవరి చేతిలో ఉంటే గొంతు వాళ్ళది. 2013లో ఈ3 ప్రదర్శనకు చేసిన డెస్టినీ ట్రైలర్‌కు బంజీ సంగీత దర్శకుడు మార్టీ ఓడనెల్ సంగీతాన్ని కాదని యాక్టివిజన్ వేరే సంగీతం పెట్టించింది. ఆ గొడవ పెరిగి 2014 ఏప్రిల్‌లో ఆయన ఉద్యోగం పోయింది. అక్కడితో ఆగలేదు. తొలగించాక ఆయన వాటాలను కంపెనీ వెనక్కి తీసుకోవడం చెల్లదని 2015లో మధ్యవర్తి తేల్చారు. ఉద్యోగం పోతే వాటా ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం నియామక పత్రంలో కాదు, వాటాదారుల ఒప్పందంలో ఉంటుంది. ఆ రెండూ కలిపి చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు.

2018 జూన్‌లో చైనా కంపెనీ నెట్‌ఈజ్ బంజీలో 10 కోట్ల డాలర్లు పెట్టింది, ప్రతిగా చిన్న వాటా, బోర్డులో ఒక కుర్చీ తీసుకుంది. 2019 జనవరి 10న బంజీ, యాక్టివిజన్ విడిపోయాయి. డెస్టినీ పబ్లిషింగ్ హక్కులు బంజీకి వచ్చాయి. 2007తో పోల్చండి. అప్పుడు గేమ్‌ను వదిలేసి రావాల్సి వచ్చింది, ఇప్పుడు గేమ్‌తో సహా వచ్చింది. తేడా అంతా 2010లో రాసిన హక్కుల పంక్తిది.

కానీ గేమ్‌తో బయటికి రావడమంటే పనంతా మన నెత్తికి రావడం. డెస్టినీ 2 పీసీ రూపం యాక్టివిజన్ సోదర సంస్థ బ్లిజార్డ్ ఆన్‌లైన్ దుకాణమైన బ్యాటిల్.నెట్‌లో నడిచేది. దాన్ని స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్ దుకాణానికి తరలించాలి. మంచి సంగతేమిటంటే, ఆటగాళ్ళ పాత్రలు, ఆయుధాలు అన్నీ బంజీ సొంత సర్వర్లలో, బంజీ అకౌంట్ గుర్తింపుకు కట్టి ఉన్నాయి. బ్యాటిల్.నెట్ కేవలం గుమ్మం లాంటిది. కాబట్టి గుమ్మం మార్చితే చాలు. ఆటగాడు బంజీ సైట్‌లో పాత లాగిన్‌తో ఒకసారి, స్టీమ్ లాగిన్‌తో ఒకసారి తానేనని రుజువు చేసుకుంటాడు, రెండూ ఒకే గుర్తింపుకు కలుపుతారు. 2019 ఆగస్టులో ఈ లింకు మొదలైంది, అక్టోబర్ 1న గేమ్ స్టీమ్‌లో తెరుచుకుంది. ఆటగాళ్ళ సమాచారం పబ్లిషర్ సర్వర్లో, పబ్లిషర్ గుర్తింపు సంఖ్యలతో ఉండి ఉంటే ఇది నెలల తరబడి తెగని బేరమయ్యేది.

ఇలాంటి తరలింపులో తప్పులు ఒకే చోట జరుగుతాయి. ఒకరికి రెండు పాత అకౌంట్లు ఉంటాయి, తప్పుదాన్ని కలిపేస్తారు. అందుకని కలిపే ముందు తెరమీద పాత్రల పేర్లు, చివరిసారి ఆడిన తేదీ చూపించి ఒప్పుకోలు తీసుకోవాలి. వెనక్కి తిప్పే దారి సహాయక సిబ్బంది చేతిలో ఉండాలి. విడుదల రోజున లాగిన్ సర్వర్లు కూలిపోకుండా లింకు పని వారాల ముందే తెరవాలి. బంజీ అదే చేసింది.

పోయినవీ ఉన్నాయి. డెస్టినీ 2 పీసీ రూపానికి యాక్టివిజన్ స్టూడియో వికేరియస్ విజన్స్ పని చేసింది. ఎక్స్‌పాన్షన్‌లలో హై మూన్ స్టూడియోస్ చేయి వేసింది. విడిపోగానే ఆ రెండు జట్లూ పోయాయి. అంత కంటెంట్ అంత వేగంగా తయారుచేసే శక్తి ఒక్కసారిగా తగ్గింది. పబ్లిషర్ ఇచ్చేది డబ్బొక్కటే అనుకుని లెక్క వేస్తే ఈ ఖర్చు కనిపించదు. నాణ్యత పరీక్ష, అనువాదం, కస్టమర్ సేవ, పన్నుల నిర్వహణ, దేశదేశాల వయసు రేటింగులు, ఇవన్నీ ఇక సొంతంగా కట్టుకోవాలి.

అలా మూడేళ్ళు నడిచాక 2022 జనవరి 31న సోనీ ప్రకటన వచ్చింది. ధర 360 కోట్ల డాలర్లు. ఆ జులై 15న కొనుగోలు పూర్తయింది. ఈ ధరలో మూడో వంతు, సుమారు 120 కోట్లు, సిబ్బంది నిలిచి ఉండటానికి కేటాయించిన సొమ్ము. ఉద్యోగంలో కొనసాగితేనే చేతికొచ్చే వాయిదాలు అవి. అందులో మూడింట రెండు వంతులు మొదటి రెండేళ్ళలోనే ఖర్చవుతాయని సోనీ ముందే చెప్పింది. దీనర్థం కాస్త ఆలోచించండి. ప్రతిభ ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటాక కట్టిపడేసే దారం పలుచబడుతుంది. ఇటు కొన్న కంపెనీకి కూడా ఆ తేదీ దాటాక మొహమాటం తగ్గుతుంది.

స్వతంత్రంగా నడిచే అనుబంధ సంస్థగా ఉంటుందని, సొంత బోర్డు, సొంత పబ్లిషింగ్, అన్ని వేదికల మీదా గేమ్‌లు అని అప్పుడు చెప్పారు. ఆ మాట అబద్ధమని నేననను. దానికి ఆధారం మాత్రం బలహీనం. మాతృసంస్థ వాటా వంద శాతం అయినప్పుడు స్వాతంత్ర్యం అనేది లక్ష్యాలు అందుకున్నంత కాలం దొరికే సౌకర్యం.

లక్ష్యాలు అందలేదు. 2023 ఫిబ్రవరి చివర్లో వచ్చిన లైట్‌ఫాల్ ఎక్స్‌పాన్షన్ ఆటగాళ్ళను నిరాశపరిచింది. ఆ అక్టోబర్ 30న లేఆఫ్‌లు, అంటే ఉద్యోగాల కోతలు, మొదలయ్యాయి. తర్వాతి ఎక్స్‌పాన్షన్ ది ఫైనల్ షేప్ 2024 జూన్ 4కు వాయిదా పడింది. అది బాగా వచ్చింది, మెప్పు పొందింది. అయినా రెండు నెలలు కాకముందే, జులై 31న, 220 ఉద్యోగాలు తీసేశారు. మొత్తం సిబ్బందిలో అది 17 శాతం. ఇంకో 155 ఉద్యోగాలను సోనీ గేమ్‌ల విభాగమైన సోనీ ఇంటరాక్టివ్‌లో కలిపేస్తామన్నారు. పురిటి దశలో ఉన్న ఒక గేమ్‌ను వేరు చేసి ప్లేస్టేషన్ కింద కొత్త స్టూడియోగా పెట్టారు. అప్పటి సీఈఓ పీట్ పార్సన్స్ కారణాలను దాచలేదు. ఒకేసారి చాలా కొత్త ప్రాజెక్టులు పెట్టుకున్నాం, వాటికోసం పాత గేమ్‌ల జట్ల నుంచి అనుభవజ్ఞులను తీశాం, సరిగ్గా మార్కెట్ తగ్గిన వేళ మేం పెరిగాం, లైట్‌ఫాల్ నాణ్యతలో తప్పాం అన్నది ఆ ప్రకటన సారాంశం. మంచి గేమ్ చేసి ఇచ్చిన నెలల్లోనే ఉద్యోగం పోయిన వాళ్ళ బాధ ఏ ప్రకటనతోనూ తీరదు. ఆ గేమ్ చేసిన చేతులు వాళ్ళవి, ఆ ప్రాజెక్టుల సంఖ్య నిర్ణయించింది వాళ్ళు కాదు.

నాయకత్వం సంగతికి వద్దాం. హెరాల్డ్ ర్యాన్ తర్వాత 2016 జనవరిలో పార్సన్స్ బంజీ పగ్గాలు పట్టారు. 2025 ఆగస్టు 21న దిగిపోయారు. 2010 నుంచి స్టూడియోలో ఉన్న జస్టిన్ ట్రూమన్ వచ్చారు. ఆ నెలలోనే సోనీ ఆర్థిక అధికారి లిన్ టావో, బంజీకి ఇచ్చిన స్వతంత్రత క్రమంగా తగ్గుతోందని, అది ప్లేస్టేషన్ స్టూడియోస్‌లో భాగమయ్యే దిశగా వెళ్తోందని మదుపరులకు చెప్పారు. నవంబర్‌లో సోనీ బంజీ ఆస్తుల విలువను 3,150 కోట్ల యెన్‌ల మేర తగ్గించి రాసుకుంది. ఈ మూడూ వేరువేరు వార్తలుగా వచ్చాయి కానీ ఒకే తాడు. సీఈఓ మారిన వార్తను ఒంటరిగా చదవకండి. ముందు త్రైమాసిక నివేదిక, తర్వాత త్రైమాసిక నివేదిక పక్కన పెట్టుకుని చదవండి.

నాయకుల అధికారం ఎంత పలచనిదో రెండు ఉదాహరణలు చెబుతాను. ఇందాక చెప్పిన కాల్ ఆఫ్ డ్యూటీ సృష్టికర్తలు, ఇన్ఫినిటీ వార్డ్ స్టూడియో అధిపతులు జేసన్ వెస్ట్, విన్స్ జాంపెల్లాలకు ఆ వరుసలోని మోడర్న్ వార్‌ఫేర్ గేమ్‌ల మీద సృజనాత్మక అధికారం రాతపూర్వకంగానే ఉంది. 2010 మార్చి 1న యాక్టివిజన్ వాళ్ళను ఉద్యోగం నుంచి తీసేసింది. ఉద్యోగం పోతే ఆ అధికారం ఉంటుందా, పోతుందా అన్నదే గొడవ. 2012లో రాజీతో ముగిసింది. ఇద్దరూ ఏప్రిల్ 2010లోనే రెస్పాన్ అనే స్టూడియో పెట్టుకున్నారు, దాన్ని 2017లో ఈఏ అనే పబ్లిషర్ కొనుక్కుంది.

రెండోది సబ్‌నాటికా అనే గేమ్ చేసిన స్టూడియో అన్‌నోన్ వరల్డ్స్. 2021లో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్ని 50 కోట్ల డాలర్లకు కొంది, లక్ష్యాలు అందుకుంటే ఇంకో 25 కోట్ల దాకా ఇస్తామంది. 2025 జులైలో స్థాపకులను, సీఈఓను తప్పించారు. సబ్‌నాటికా 2 ముందస్తు విడుదల 2025 నుంచి 2026కు జరిగింది. విడుదల తేదీ జరిగితే లక్ష్యాల గడువు దాటిపోతుందన్నది స్థాపకుల వాదన, గేమ్ సిద్ధంగా లేదన్నది క్రాఫ్టన్ వాదన. గొడవ డెలావేర్ కోర్టుకెక్కింది. షరతు మీద వచ్చే సొమ్ము ఉన్న ప్రతి ఒప్పందంలో ఈ ప్రమాదం ఉంది. విడుదల తేదీ నిర్ణయించే బటన్ ఒకరి చేతిలో, దాని మీద ఆధారపడ్డ డబ్బు ఇంకొకరి చేతిలో. బటన్ నొక్కడం ఆలస్యమైతే గడువు కూడా అన్ని రోజులు జరగాలని రాయించుకోవాలి, లేదా కారణం లేకుండా తొలగిస్తే ఆ సొమ్ము మొత్తం వెంటనే ఇవ్వాల్సి వస్తుందని రాయించుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణ డెన్మార్క్‌లోని స్టూడియో ఐఓ ఇంటరాక్టివ్. 2017లో దాని యజమాని స్క్వేర్ ఎనిక్స్ దాన్ని వదిలించుకోవాలనుకుంది. కొనేవాళ్ళ కోసం చూస్తుండగా జూన్‌లో స్టూడియో యాజమాన్యమే కొనుక్కుని, హిట్‌మ్యాన్ హక్కులతో సహా బయటికి వచ్చింది. 2018 నాటి హిట్‌మ్యాన్ గేమ్‌ను వార్నర్ బ్రదర్స్ ప్రచురించింది, 2021 నాటిదాన్ని ఐఓ తనే ప్రచురించుకుంది. అమ్మేవాళ్ళు వదిలించుకునే తొందరలో ఉన్నప్పుడు హక్కులు అడగడం తేలిక. ఆ సమయంలో కోడ్‌ను, గేమ్‌ను, వాటిని నడిపించే మనుషులను విడదీస్తే వాళ్ళకూ వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: స్టూడియో చేతులు మారుతోందని ఆటగాళ్ళకు ముందుగా ఎక్కడ తెలుస్తుంది?

ప్రకటన వచ్చాకే తెలిసేది ఎక్కువ. కానీ నిజంగా ఏం మారిందో చూడాలంటే మూడు చోట్ల చూడండి. గేమ్ మొదటి తెరమీద కాపీరైట్ పంక్తిలో ఎవరి పేరుంది? దుకాణం పేజీలో పబ్లిషర్ అన్నచోట ఎవరున్నారు? గోప్యతా విధానంలో మీ సమాచారానికి బాధ్యులుగా ఏ కంపెనీని రాశారు? కాపీరైట్ మారకుండా పబ్లిషర్ మాత్రమే మారితే స్టూడియో పంపిణీదారుని మార్చుకుందని. గోప్యతా విధానంలో పేరు మారితే మీ అకౌంట్ కొత్త ఇంటికి చేరబోతోందని. అప్పుడు మీ ఈమెయిల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, లింకు పని దాని మీదే నడుస్తుంది.

ప్రశ్న: చిన్న స్టూడియో పబ్లిషర్‌తో మొదటి ఒప్పందం రాసుకుంటోంది. అన్నీ గెలవలేం కదా. ఏది వదలకూడదు?

రాయల్టీ శాతం ఒకటి రెండు తగ్గినా బతకొచ్చు. హక్కు తిరిగి వచ్చే షరతు వదలొద్దు. పబ్లిషర్ గేమ్‌ను ఆపేసినా, దివాలా తీసినా, వేరే కంపెనీ అతన్ని కొన్నా, ఇన్ని రోజుల్లో హక్కులు మనకు వచ్చేయాలి. అంటే ఏం రావాలో కూడా జాబితా రాయాలి: పూర్తి కోడ్ చరిత్ర, అసలు ఆర్ట్ ఫైళ్ళు, బిల్డ్ సంతకం తాళాలు (గేమ్ ఫైళ్ళు అసలైనవని రుజువు చేసే డిజిటల్ తాళాలు), దుకాణం పేజీ యాజమాన్యం, డొమైన్ పేరు, సమీక్షలతో సహా గేమ్ పేజీ. కన్సోల్ దుకాణాల్లో గేమ్ గుర్తింపు సంఖ్య పబ్లిషర్ ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి, అది మారితే పాత కొనుగోలుదారులకు అప్‌డేట్ ఎలా వెళ్తుందో ఆ కన్సోల్ సంస్థను ముందే అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఇక మీ వైపు నుంచి, బయటి కళాకారులు, సంగీతం చేసినవాళ్ళు, గొంతు ఇచ్చినవాళ్ళు, ఒక్కొక్కరి దగ్గరా హక్కులు బదిలీ చేసిన సంతకం ఉండాలి. కొనేవాళ్ళ లాయర్లు మొదటివారం అడిగేది అదే. ఒక్క పాటకు కాగితం లేకపోయినా ధర తగ్గిస్తారు, లేదా ఆ మొత్తాన్ని ఏడాదో రెండేళ్ళో ఆపి ఉంచుతారు. ఆ సంతకం పని చేయించుకున్న రోజే తీసుకుంటే ఒక పేజీ. నాలుగేళ్ళ తర్వాత తీసుకోవాలంటే ముందు ఆ మనిషి ఎక్కడున్నాడో వెతకాలి.